పేరు మొక్క

చెట్లు నాటి ఆ పిట్టను పోగొట్టారు. నాటినవాళ్ళు మంచివాళ్ళే. అడవులు కొట్టేవాళ్ళను తిట్టినట్టు వీళ్ళను తిట్టడానికి నోరు రాదు. అయినా జరిగింది అదే.

కర్నూలు వైపు, ఊళ్ళకు దూరంగా, ఒక చిన్న ఆశ్రమం ఉంది. దాని పెద్ద లింగమ్మ. శిష్యులందరికీ ఆమె అవ్వ. ఆమెకు ప్రసంగాలు చేసే అలవాటు లేదు. ఎవరైనా ఏదైనా అడిగితే చేతిలో పని ఆపకుండా వింటుంది. జవాబు తోస్తే ఒక్క ముక్కలో చెబుతుంది, తోచకపోతే "పొద్దున రా, చూద్దాం" అంటుంది. శిష్యులకు ఆ రెండో మాటంటేనే బెరుకు.

ఆశ్రమం వెనక కనుచూపు మేర గడ్డిబీడు. అక్కడ ఒక ఆచారం నడిచేది. శిష్యుల ఇళ్ళలో ఎవరైనా పోతే, దినాలు అయ్యాక ఆ మనిషి పేరున ఒక మొక్క తెచ్చి బీడులో నాటాలి. దాన్ని పేరు మొక్క అంటారు. నాటినవాళ్ళే వచ్చి నీళ్ళు మోసి బతికించాలి. అక్కడి ఎండలకు మొక్కను నిలబెట్టడమంటే చంటిబిడ్డను సాకడమే. ఏడ్చే తీరిక ఉండదు. ఆచారంలోని మేలు కూడా అదేనేమో. చెట్టు నిలిచాక మనిషి పేరే దాని పేరు. ఎల్లప్ప కానుగ, మద్దమ్మ వేప. ఎల్లప్ప కానుగ అచ్చం ఎల్లప్పలాగే ఒక పక్కకు ఒరిగి పెరిగిందని చెప్పుకుని నవ్వేవారు. ఈ ఆచారం మొదలుపెట్టింది లింగమ్మే. అన్నిటికంటే పాత వేప ఆమె కొడుకు రంగడిది. పెళ్ళీడు రాకముందే పాము కరిచి పోయాడు.

ఏళ్ళు గడిచి బీడు పచ్చబడింది. చూడవచ్చిన పెద్దమనుషులు మెచ్చుకున్నారు. ఒట్టి గడ్డి నేల తోపు అయిందని శిష్యులు సంబరపడ్డారు. అది ఒట్టి నేల కాదు. అందులో బట్టమేక పిట్ట ఉండేది. మనిషి నడుము దాకా వచ్చే పెద్ద పిట్ట. ముసురు దినాల్లో పోతు గొంతెత్తితే బావిలోంచి ఎవరో పిలిచినట్టు దూరం దాకా వినబడేది. గూడు కట్టదు. గడ్డి మధ్య నేల మీదే ఒక్క గుడ్డు పెడుతుంది. నాలుగు దిక్కులూ కనబడితే తప్ప అది నిలవదు. తోపు పెరిగిన కొద్దీ పిట్టలు తగ్గాయి. ఎందుకు తగ్గాయో చాలా ఏళ్ళు ఎవరూ అడగలేదు. చెట్లున్న చోట పిట్టలు పెరుగుతాయని కదా అందరి లెక్క. పెరిగాయి కూడా. కాకులు పెరిగాయి.

ఒక ఏడాది, తొలి వానలు పడ్డాక, నాగరత్న వచ్చింది. నందికొట్కూరులో జాకెట్లు కుట్టి బతికే మనిషి. ఆమె కూతురు హేమ విషజ్వరంతో ఆ ఎండాకాలమే పోయింది. తడి గోనెసంచిలో కానుగ మొక్క చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది.

"ఈడ నాటొద్దు మా," అంది లింగమ్మ, చేటలో కొర్రలు చెరుగుతూ.

"యాడ నాటల్ల మరి?"

"బీడులో యాడా వద్దు. ఇంటి ముందర నాటుకో."

"మా ఇంటి ముందర మురిక్కాలవ అవ్వా. అండ్ల నాటల్లనా పాపను?"

అరుగు మీద కూర్చున్న ఓబుళరెడ్డి దగ్గాడు. ఆశ్రమంలో పాత శిష్యుడు, నోరు ఆగని మనిషి. "నిన్నటిదాకా ఆచారం, ఈ పొద్దు కాదు. చచ్చేవాళ్ళు కొంచెం ముందుగా చచ్చింటే బాగుండు."

నాగరత్న అతని వైపు చూడలేదు. "అందరి బిడ్డలకూ చోటుండే నేలలో నా బిడ్డకే ల్యాదా అవ్వా?" అని అడిగింది. గట్టిగా అడగలేదు. అయినా చెరిగే చేట ఆగింది.

"పాప మంచం తీసినావా ఇంట్లో?"

"తీయలేదు. దాని మింద ఎవుర్నీ కూచోనియ్యను. ఉండేదే ఒక గది, ఇదొకటి అడ్డమని మా ఆయన కోప్పడతాడు."

"ఉండనీ," అంది లింగమ్మ. చేట పక్కన పెట్టి, "పొద్దున రా, చూద్దాం" అంది.

తెల్లవారి ఇద్దరూ బీడు చివరకు నడిచారు. అక్కడ చెట్లు ఇంకా చేరని గడ్డి కొంత మిగిలి ఉంది. ఒక బండ చాటున కూర్చోబెట్టి లింగమ్మ వేలు చూపింది. గడ్డి రంగులో గడ్డి రంగు కలిసి, మెడ మాత్రం నిలబెట్టి, ఒక బట్టమేక పిట్ట నేల మీద కూర్చుని ఉంది. కింద గుడ్డుందని వేరే చెప్పనక్కర్లేదు. పొదిగే ఆడదాని కూర్చోవడమే వేరు. ఆ బీడులో మిగిలిన పిట్ట అదొక్కటేనని నాగరత్నకు తర్వాత తెలిసింది.

ఎండ వేడెక్కుతుండగా పిట్ట లేచింది. నాలుగు వైపులా చూసి, మేతకు మెల్లగా నడిచింది. అది కొంచెం దూరం పోయిందో లేదో, తోపు వైపు నుంచి ఒక కాకి నేరుగా గుడ్డు దగ్గర దిగింది. నాగరత్న అరుస్తూ పరిగెత్తింది. చెప్పు విసిరింది. చేరేసరికి పెంకు చిట్లి, సొన మట్టిలో ఇంకుతోంది. ఆమె వెనక్కి వచ్చి బండ పక్కన కూలబడింది.

పిట్ట తిరిగొచ్చింది. చిప్పల దగ్గర నిలబడి మెడ వంచి చూసింది. ముక్కుతో ఒక ముక్కను కదిపింది. తర్వాత, ఏమీ జరగనట్టు, ఆ చిప్పల మీదనే కాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

నాగరత్న అది చాలాసేపు చూసింది. ఆమెకు ఏడుపు రాలేదు. "ఏ చెట్టు మింద నుంచి వచ్చింది అవ్వా కాకి?" అని అడిగింది.

లింగమ్మ తోపు వైపు చూసింది. అంచున, అన్నిటికంటే ఎత్తుగా, ఒక వేప.

"మా రంగని మింద నుంచి," అంది.

ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఆ పిట్ట అక్కడే కూర్చుంది. తర్వాత లేచి గడ్డిలోకి నడిచిపోయింది. మళ్ళీ ఎవరికీ కనబడలేదు.

మరునాడు లింగమ్మ గొడ్డలి తీసుకుని రంగడి వేప దగ్గరకు పోయింది. ముసలి చేతులు, చేవదేరిన చెట్టు. రెండు దెబ్బలకే రొప్పింది. ఓబుళరెడ్డి పరిగెత్తుకొచ్చాడు. "పిట్ట కోసరం కొడుకును నరుకుతావా అవ్వా?"

"కొడుకు పోయి శానా కాలమాయె ఓబుళూ. చెట్టును నరుకుతాండా. పట్టు, నీ చెయ్యీ ఒకటి వెయ్యి."

అతను గొడ్డలి పట్టలేదు. పట్టింది నాగరత్న. జాకెట్లు కుట్టే చేతులు బొబ్బలెక్కాయి. మొదట్లో దెబ్బ ఒకచోట వేస్తే ఇంకోచోట పడేది. వేప ఒరిగేసరికి పొద్దు వాలింది. లింగమ్మ మొద్దు మీద అరచేయి పెట్టి కొంచెంసేపు ఉంచింది. అంతే. మిగతా చెట్ల సంగతి ఎవరి ఇష్టం వారిదని చెప్పింది. కొందరు ఏడుస్తూ తమవాళ్ళ చెట్లు కొట్టించారు. కొందరు ఆశ్రమానికి రావడమే మానుకున్నారు. ఓబుళరెడ్డి భార్య కానుగ ఇప్పటికీ ఉంది. అతన్ని ఎవరూ ఏమీ అనరు.

నాగరత్న తన మొక్కను ఊళ్ళో బస్టాండు వెనక నాటింది. మేకలు తినేశాయి. ఇంకో మొక్క తేలేదు. దానికి బదులు ఒక నిర్ణయం చేసుకుంది. నరికిన వేపల గింజలు గడ్డిలో మొలుస్తూనే ఉంటాయి. వాటిని మొలకలప్పుడే పీకాలి. ఏటా వానలు పడగానే, హేమ పేరు చెప్పుకుని వచ్చి, మిగిలిన గడ్డిలోనూ తెరిపిపడ్డ నేలలోనూ వంగి ఆ మొలకలు పీకుతుంది. షాపులో పెళ్ళిళ్ళ పని నెత్తిమీదున్నా ఆ ప్రయాణం మానలేదు. మోకాళ్ళు పట్టేశాక పీట తెచ్చుకుని, జరుపుకుంటూ పీకుతోంది. చెట్లు పోయిన చోట గడ్డి మళ్ళీ చేరింది. ఆమె ఇంట్లో ఆ మంచమూ అట్లాగే ఉంది.

ఒక వానాకాలం పని ముగిశాక ఆమె నడుము పట్టుకుని లేచి నిలబడింది. గాలికి గడ్డి ఒక వైపుకు వాలి లేస్తోంది. నాలుగు దిక్కులూ కనబడుతున్నాయి. ఆ గడ్డిలో కదిలేది ఏదీ లేదు.

"ఇంకొస్తాదా అవ్వా, ఆ పిట్ట?"

లింగమ్మ పీకిన మొలకలను తట్టలోకి ఎత్తుతోంది. తల ఎత్తలేదు.

"వస్తాదనేనా మా, చోటు పెట్టేది?" అంది.