సునాద అరచెయ్యి

అనగనగా ఒక రాజ్యం. అక్కడ రథాలు పోయి కార్లు వచ్చాయి గాని, కిరీటాలు మాత్రం ఇంకా పోలేదు. ఆ రాజ్యాన్ని నిర్ఘోషవర్మ అనే రాజు ఏలేవాడు. మనసు మంచిదే. చెయ్యే కాస్త పెద్దది. ఏది పోసినా పొంగిపొర్లేదాకా పోసేవాడు.

ఆయనకు ఒక్కతే కూతురు. పుట్టినప్పుడు తెలియక సునాద అని పేరు పెట్టుకున్నారు. ఆ పిల్లకు చెవులు వినబడవు. పెదవుల కదలిక చూసి మాట పట్టుకుంటుంది, చేతులతో జవాబు చెబుతుంది.

ఒకనాడు రాజుగారి కారులో పాట మోగుతుండగా సునాద తలుపు మీద అరచెయ్యి ఆనించింది. లోపల ఏదో సన్నగా అదిరింది. పిల్ల ముఖం విప్పారింది. తండ్రి వైపు తిరిగి, బొటనవేలూ చూపుడువేలూ దగ్గరగా పెట్టి, ఇంకొంచెం కావాలని అడిగింది. పుట్టిన పన్నెండేళ్లలో ఆమె పాట అడగడం అదే మొదలు.

కూతురు కొంచెం అడిగితే కొంచెంతో ఆగే తండ్రి కాడు గదా. కారులో పెట్టించడానికి ఓడ మీద మూడు సబ్‌వూఫర్లు తెప్పించాడు. పాటలోని లోతైన మోతను మాత్రమే పలికించే పెద్ద స్పీకర్లు అవి. వాటిని చేసిన పనివాడు ఆ ఏడే కాలం చేశాడు. లోకంలో అలాంటివి ఇక లేవు.

వూఫర్ తనంతట తాను మోగదు. దానికి బలం పెట్టే యాంప్లిఫయర్ కావాలి. ఎంత బలం? రాజు వూఫర్ డబ్బా ముందు వైపు చూశాడు. బంగారు అక్షరాలతో రెండువేల వాట్లు అని రాసి ఉంది. రెండువేల వాట్ల యాంప్లిఫయరే బిగించమన్నాడు.

బిగించే పని పైడమ్మది. కోటలో కార్లన్నీ బాగుచేసేది ఆమే. డబ్బా వెనక కూడా ఏదో రాసుంది, చదివి చెబుతానంది. రాజు వినలేదు. కన్నబిడ్డకు పెట్టేదానికి వెనకాముందూ చూడడమేమిటని కసురుకున్నాడు.

పాట మొదలైంది. కోటగోడ మీది పావురాలన్నీ లేచిపోయాయి. సునాద రెండు చేతులూ గుండెకు హత్తుకుని నవ్వింది. ఆ నవ్వు పూర్తి కాకముందే కమురు వాసన వచ్చింది. మొదటి వూఫర్ లోపలి తీగచుట్ట మాడి మసైపోయింది.

అప్పుడు మంత్రి మితమతి ముందుకొచ్చాడు. అతి సర్వత్ర వర్జయేత్ అన్నారు గదా, బక్కదాన్ని పెడితే ఏ భయమూ ఉండదని చెప్పి, మూడువందల వాట్ల యాంప్లిఫయర్ పెట్టించాడు. మోత చాలలేదు. సునాద తల అడ్డంగా ఊపింది. మంత్రి మోత పెంచే మర తిప్పాడు. ఇంకా తిప్పాడు. చివరిదాకా తిప్పేశాడు. మోయలేని మూట ఎత్తుకున్న కూలీలాగా ఆ బక్క యాంప్లిఫయర్ రొప్పుతూ, పాటను విరిచి విరిచి తోసింది. వూఫర్ మీద చెయ్యి వేసిన సునాద చటుక్కున తీసేసి, చేతులతో ఏదో చెప్పింది. ఆమె వైపు ఎవరూ చూడలేదు. చెవులున్నవాళ్లంతా వినడంలో ఉన్నారు.

ఆ విరిగిన మోత తగిలి తగిలి కాసేపటికి రెండోదీ మాడింది. బక్కది ఎలా మాడ్చిందో మంత్రికి ఎంతకీ బోధపడలేదు.

"బలమున్నోడు కొడితే దెబ్బ బాబూ," అంది పైడమ్మ. "బలం చాలనోడు రక్కితే పుండు."

ఇక మిగిలింది ఒక్కటే. అదీ పోతే సునాదకు ఈ జన్మలో పాట లేదు. ఆ పిల్ల దాన్ని ఒళ్లో పెట్టుకుని మూడు రోజులు ఎవరికీ ఇవ్వలేదు, తండ్రికి కూడా. రాజుకు అన్నం సహించలేదు. తన ప్రేమంటే బిడ్డ భయపడుతోందని తెలిసి కుమిలిపోయాడు.

నాలుగోనాడు సునాద తానే వూఫర్‌ను డబ్బాతో సహా మోసుకుని పైడమ్మ షెడ్డుకు వెళ్లింది. పైడమ్మ డబ్బా వెనక్కి తిప్పింది. చీమలబారులాంటి అక్షరాల్లో ఐదువందల వాట్లు అని ఉంది. మరి ముందున్న రెండువేలు ఏమిటని సునాద వేలు పెట్టి చూపింది.

పైడమ్మ ఆమెకు పెదవులు కనబడేలా వంగింది. "అది ఒక్క రెప్పపాటు ఓర్చుకునేది తల్లీ. ఇది పొద్దస్తమానం ఓర్చుకునేది. గొప్పకు అది రాస్తారు, బతకాలంటే ఇది చూడాలి."

కారులో ఐదువందల వాట్లకు సరిపోయే యాంప్లిఫయర్ బిగించారు. రాజూ మంత్రీ వచ్చి దూరంగా నిలబడ్డారు. మర మీద పైడమ్మ చెయ్యి, వూఫర్ మీద సునాద చెయ్యి. మోత మెల్లమెల్లగా పెరిగింది. అరచేతికి అది నున్నగా, గుండ్రంగా తగులుతోంది. ఒకచోట, మంత్రి మర తిప్పినప్పటిలాగే, కాస్త గరుకు తగిలింది. వినేవాళ్లకు ఏ తేడా తెలియలేదు గాని సునాద వెంటనే చెయ్యెత్తింది. పైడమ్మ మర రవ్వంత వెనక్కి తిప్పి అక్కడ ఆపేసింది.

రాజు ఉండబట్టలేక దగ్గరికి వచ్చాడు. ఇంకాస్త పెంచనా తల్లీ అంటూ మర మీద చెయ్యి వేశాడు. సునాద ఆ పెద్ద చేతిని పట్టుకుని తెచ్చి వూఫర్ మీద ఆనించి, దాని మీద తన చెయ్యి వేసింది.

పాట రాజుగారి మోచేతి దాకా పాకింది. ఆయన కళ్లు మూసుకుని అరచేత్తో పాట విన్నాడు. తరవాత కూతురికి కనబడేలా ముఖం తిప్పి అన్నాడు: "ఇన్నాళ్లూ నా చెవులతో కొలిచి నీకు పెట్టానమ్మా."

ఆ కారు ఏటి ఒడ్డున చాలా ఏళ్లు తిరిగింది. మూడో వూఫర్ మాడలేదు, మర ఆ చోటి నుంచి జరగలేదు.

పిల్లలూ, పెట్టే చెయ్యి ఎంత పెద్దదైనా, ఎంత పెట్టాలో మాత్రం పుచ్చుకునే చేతినే అడగాలి.