నరసమ్మ తలూపిన తీర్మానం

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక విశ్వవిద్యాలయం. నవ్వకండి పిల్లలూ, నిజంగానే ఉండేది. ఉపకులపతి ఉన్నారు, రిజిస్ట్రార్ ఉన్నాడు, పరీక్షలున్నాయి, ఆ పరీక్షలు వాయిదా వేయమని గోల చేసే పిల్లలూ ఉన్నారు.

అక్కడ ముళ్లపంది నరసమ్మ దుంపలు తవ్వే విద్య నేర్పేది. ఏది తీపి దుంపో, ఏది దురద దుంపో మట్టి వాసన చూసి చెప్పేసేది. ఎంతో తెలివైనది. లోపం ఒక్కటే. నాకు తెలియదు అని నలుగురిలో చెప్పాలంటే ఆవిడకు చచ్చేంత సిగ్గు. ఒంటి మీద ముళ్లన్నీ నిక్కబొడుచుకునేవి.

ఆవిడ పక్క తరగతి బోదురుకప్పది. అందరూ ఆయన్ని బోదురు మాస్టారు అనేవారు. ఆయన చెప్పేది వాన పాఠం. ఏ మూల మబ్బు పడితే వాగు ఎప్పుడు పొంగుతుంది, ఎక్కడ దాటొచ్చు, ఎక్కడ అడుగు పెట్టకూడదు, ఇవన్నీ ఆయనకే తెలుసు. తొలకరి పడగానే ఆయన తరగతి మొదలయ్యేది. ఎండలు మొదలైతే మాత్రం కుంట అడుగున బురదలోకి దిగి, మళ్లీ చినుకు పడేదాకా నిద్రపోయేవారు. కప్పల పద్ధతే అంత.

మరి ఆ విశ్వవిద్యాలయంలో ఏ పాఠం ఉండాలి, ఏది పోవాలి, ఎవరిని ఉద్యోగంలో ఉంచాలి, ఎవరిని పంపేయాలి అని తేల్చేది ఎవరనుకున్నారు? సెనేట్ అనే పెద్ద సభ. అందులో మాస్టర్ల తరఫున ఒకరు కూర్చోవాలి. ఆ ఏడు అందరూ కలిసి నరసమ్మను ఎన్నుకున్నారు.

"మా మాట అక్కడ మీరే చెప్పాలి నరసమ్మగారూ" అన్నారు బోదురు మాస్టారు. అని, నిశ్చింతగా బురదలోకి దిగిపోయారు.

ఎండలు ముదిరాక సభ పెట్టారు. ఉపకులపతి అడవిదున్న భూపతిగారు పెద్ద బండ మీద కూర్చున్నారు. రిజిస్ట్రార్ కొండముచ్చు శేషాచలం కాగితాలు పట్టుకుని నిలబడ్డాడు. నరసమ్మ వెళ్లి, పిల్లల తల్లుల తరఫున వచ్చిన దుప్పి మాణిక్యం పక్కన సర్దుకుని కూర్చుంది.

"మొదటి అంశం. పాఠ్య ప్రణాళికకు సవరణ" అన్నాడు శేషాచలం.

సవరణ అంటే మార్పు. అంతవరకూ నరసమ్మకు తెలుసు. ఏ పాఠం మారుస్తున్నారో మాత్రం తెలియలేదు. అడుగుదామని నోరు తెరిచేలోపే భూపతిగారి తల ఊగింది. సభలో తలలన్నీ ఊగాయి. అంశం అయిపోయింది.

"రెండో అంశం. పై సవరణకు సవరణ."

నరసమ్మకు కళ్లు తిరిగాయి. అంటే ఇందాకటి పాఠం మారినట్టా, మారనట్టా? మాణిక్యం వైపు వంగి, "ఏమండీ, ఇప్పుడు మనం ఎక్కడున్నాం?" అని మెల్లగా అడిగింది.

"రెండో అంశంలో" అంది మాణిక్యం గంభీరంగా. అప్పటికే అదీ అయిపోయింది.

"మూడో అంశం. ఉద్యోగ నియమం" అని గొంతు సవరించుకున్నాడు శేషాచలం. "పూర్వోక్త నిబంధనకు లోబడి, అవిచ్ఛిన్న మాసత్రయ గైర్హాజరు సంభవించిన బోధకులు స్వచ్ఛందముగా విరమించుకొనినట్లు భావించబడును."

మీకేమైనా అర్థమైందా? నరసమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మీకు మాత్రం చెప్పేస్తాను. మూడు నెలలు వరసగా తరగతికి రాని మాస్టారు ఉద్యోగం తనంతట తానే మానుకున్నట్టు లెక్క. అదీ దాని భావం. బోదురు మాస్టారేమో అప్పటికి నాలుగో నెల నిద్రలో ఉన్నారు.

"ఎవరికైనా అభ్యంతరమా?" అన్నాడు శేషాచలం.

నరసమ్మ అటూ ఇటూ చూసింది. అందరి ముఖాలూ ప్రశాంతంగా ఉన్నాయి. వీళ్లందరికీ అర్థమైంది కాబోలు, నాకే బుర్ర పనిచేయడం లేదు అనుకుంది. ఇప్పుడు లేచి అడిగితే ఏమంటారు? ఇదా మాస్టర్లు పంపిన తెలివైన ముళ్లపంది అని నవ్వరూ? బండ మీద భూపతిగారి తల మళ్లీ ఊగింది. మాణిక్యం తల ఊగింది. నరసమ్మ కూడా తలూపింది.

"ఏకగ్రీవం" అని రాసుకున్నాడు శేషాచలం.

బయట మాస్టర్లు కాచుకుని ఉన్నారు. "ఏమైందండీ సభలో?" అని మూగారు.

"మూడు అంశాలు ఆమోదించాం" అంది నరసమ్మ.

అబ్బో అనుకున్నారు మాస్టర్లు. ఎవరూ ఇంకేమీ అడగలేదు. ఆవిడ ఇంటికి పోయి ఆ మాటలనే కూడబలుక్కుంటూ కూర్చుంది. ఎంత కూడబలుక్కున్నా ఎక్కడి దారం అక్కడే చిక్కు పడింది.

తొలకరి పడింది. బోదురు మాస్టారు బురదలోంచి లేచి, ఒళ్లు విరుచుకుని, హుషారుగా తరగతికి గెంతారు. తలుపు మీద "ఖాళీ" అని చీటీ అంటించి ఉంది. ఆయన తికమకపడుతూ శేషాచలం దగ్గరికి వెళ్లారు.

"ఉద్యోగం మీరే మానుకున్నారు కదండీ" అన్నాడు శేషాచలం.

"నేనా? ఎప్పుడు? నిద్రలోనా?"

"అవునండి. ఏకగ్రీవంగా."

నిద్రలో ఏకగ్రీవంగా మానుకోవడం ఎలాగో బోదురు మాస్టారికి బోధపడలేదు. తిన్నగా నరసమ్మ దగ్గరికి వచ్చారు.

"నరసమ్మగారూ, ఆ సభలో మీరు ఉన్నారా?"

"ఉన్నానండి."

"మరి నా సంగతి వచ్చినప్పుడు ఏమన్నారు?"

"అది మీ సంగతని తెలియలేదు మాస్టారూ. వాళ్లు చదివింది నాకు అర్థం కాలేదు."

"అర్థం కాలేదని చెప్పారా?"

నరసమ్మ తల దించుకుంది. "చెప్పలేదండి. తలూపాను."

బోదురు మాస్టారు కోప్పడలేదు. కోప్పడితే బాగుండుననిపించింది నరసమ్మకు. "నాకు వచ్చింది ఈ ఒక్క పాఠమేనమ్మా. ఇది పోతే నేను ఎందుకూ పనికిరాను. వాగు కూడా ఇవాళో రేపో పొంగుతుంది. పిల్లలకు ఎవరు చెబుతారు?" అని మాత్రం అన్నారు. ఆవిడకు ఏడుపొచ్చింది.

మర్నాడే శేషాచలం ముందు నిలబడింది. "ఆ తీర్మానం మళ్లీ చర్చకు పెట్టాలంటే ఏం చేయాలి?"

"కాదన్నవారు అడిగితే కుదరదు. ఔనన్నవారే అడగాలి" అన్నాడు శేషాచలం.

"నేను ఔనన్నాను."

"అయితే ఎందుకు మనసు మారిందో సభలో చెప్పాలి. నేను రాస్తాను. ఆ కాగితం గేటు దగ్గర బోర్డు మీద అంటిస్తాం. పిల్లలతో సహా అందరూ చదువుతారు. ఆలోచించుకోండి."

నరసమ్మ ముళ్లన్నీ లేచి నిలబడ్డాయి. దుంపల తరగతి పిల్లలు ఆ బోర్డు ముందు నిలబడి కిసుక్కుమంటున్నట్టు అనిపించింది. వాగు వైపు చూసింది. నీళ్లు ఎర్రబడుతున్నాయి.

"పెట్టండి సభ" అంది.

సభ కూడింది. నరసమ్మ లేచింది. "నాకు ఆ తీర్మానం అర్థం కాలేదు. మొదటి మాట నుంచి చివరి మాట దాకా కాలేదు. అయినా తలూపాను. నా వల్ల బోదురు మాస్టారి ఉద్యోగం పోయింది. రాసుకోండి."

శేషాచలం రాసుకున్నాడు. సభలో ఎవరూ నవ్వలేదు. ఎవరికి వాళ్లు గిట్టల వైపో, గోళ్ల వైపో చూసుకున్నారు.

ముందుగా మాణిక్యం లేచింది. "మా బుడ్డిది రోజూ వాగు దాటే ఇక్కడికి చదువుకు వస్తుంది. నాకూ అర్థం కాలేదండి. పైన భూపతిగారు తలూపారని ఊపాను."

"మేమూ అంతే" అన్నారు వెనక వరసవాళ్లు.

అందరూ భూపతిగారి వైపు తిరిగారు. ఆయన తెల్లబోయారు. "నేను తలూపానా? ఎండాకాలం కదమ్మా. చెవిలో జోరీగలు దూరుతుంటే విదిలించుకున్నాను."

ఇన్నాళ్లూ ఎన్ని అంశాలు జోరీగలు ఆమోదించాయో ఎవరికీ లెక్క తేలలేదు.

"పోనీ, రాసిన నీకైనా అర్థమైందా శేషాచలం?" అని అడిగారు భూపతిగారు.

శేషాచలం కాగితాలు తిరగేశాడు. "పక్క అడవి విశ్వవిద్యాలయం వాళ్ల నియమం బాగుందని ఎత్తి రాశానండి."

"వాళ్ల దగ్గర కప్ప మాస్టర్లు లేరా?"

"వాళ్లకసలు వాగే లేదండి."

ఆ నియమాన్ని అప్పటికప్పుడే తీసేశారు. నిద్రకాలం గైర్హాజరు కిందికి రాదని చిన్న మాటల్లో కొత్తది రాశారు. మధ్యాహ్నానికల్లా బోదురు మాస్టారు వానలో తడుస్తూ పాఠం మొదలుపెట్టారు. మాణిక్యం పిల్ల ముందు వరసలో కూర్చుంది. మూడో రోజు వాగు పొంగింది. ఆ పూట పిల్లలెవరూ వాగులో అడుగు పెట్టలేదు.

నరసమ్మ మాటల కాగితం బోర్డు మీద అలాగే ఉంది. పిల్లలు చదివారు. ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారు కూడా. మర్నాడు దుంపల తరగతిలో ఒక అడవిపంది పిల్ల లేచి, "టీచర్, నిన్నటి పాఠం నాకు అర్థం కాలేదు" అంది. ఏడాదిలో ఆ తరగతిలో ఆ మాట వినబడటం అదే మొదటిసారి.

తరవాతి సభలో శేషాచలం మొదటి అంశం చదివాడు. "అర్థమైందా?" అని అడిగారు భూపతిగారు. ఒక్క తలా ఊగలేదు. ఇంకోసారి చదివాడు. అప్పుడూ ఊగలేదు. పొద్దు వాలేదాకా ఆ ఒక్క అంశం మీదే కూర్చున్నారు. చివరికి నరసమ్మకు సగమే బోధపడింది. ఆ మిగిలిన సగం కోసం మళ్లీ లేచి నిలబడింది.

నీతి: అర్థం కాకపోతే అర్థం కాలేదని చెప్పాలి. సిగ్గుపడి తలూపితే, ఆ నష్టం అక్కడ లేనివాళ్ల నెత్తిన పడుతుంది.