ఎండలోంచి వచ్చే కత్తెరమ్మ

అనగనగా ఒక అడవి ఉండేదర్రా. ఆ అడవిలో గూళ్లకు కాపలా కాసేవి ఏట్రింతలు. నల్లగా, తోక రెండుగా చీలి, మేసే గేదెల వీపు మీద కూర్చుంటాయే, ఆ పిట్టలే. చూడ్డానికి పిడికెడంతే, కానీ డేగనైనా తరిమికొడతాయి. అందుకే పావురాలూ పికిలిపిట్టలూ వాటి చుట్టుపక్కలే గూళ్లు కట్టుకునేవి.

పాత డేగతో పెద్ద చిక్కు లేదు. అది అరుచుకుంటూ, చక్కర్లు కొట్టుకుంటూ వచ్చేది. ఈలోగా ఏట్రింతలన్నీ లేచి మీద పడేవి. ఆ ఏడు మాత్రం కొండల అవతల నుంచి ఒక సాళువ డేగ దిగింది. అది అరవదు. చక్కర్లు కొట్టదు. సూర్యుణ్ణి వెనక పెట్టుకుని, రాయి పడ్డట్టు మీద పడుతుంది.

దాని గోళ్లకు చిక్కి బతికింది కత్తెరమ్మ ఒక్కతే. తోకలో ఒక పాయ ఊడిపోయిన ముసలి ఏట్రింత. అందుకని కుర్రపిట్టలకు పోరు నేర్పే పని ఆమె నెత్తిన పడింది. రోజూ ఆమె సాళువలా రావాలి. కుర్రవాళ్లు ఆమెను ఆపాలి.

మొదటిసారి జెట్టి అనే కుర్ర ఏట్రింత అరుపు వినబడుతుందేమోనని చెవులు రిక్కించి కూర్చున్నాడు. కత్తెరమ్మ ఎండలోంచి చప్పుడు లేకుండా వచ్చి వీపు మీద ఒక్కటి పొడిచింది. “చచ్చావు,” అంది.

రెండోసారీ అంతే. “ఇదేం అన్యాయం అత్తా! కళ్లల్లో ఎండ పడుతుంటే ఎలా చూడను?” అన్నాడు జెట్టి.

“డేగను అడుగు నాయనా, పక్కకు జరిగి వస్తుందేమో,” అంది కత్తెరమ్మ.

మూడోసారి జెట్టి తల ఎండవైపు తిప్పాడు. దెబ్బ తప్పించుకోలేకపోయాడు గానీ, తిప్పాడు. కత్తెరమ్మ లోలోపల మురిసిపోయింది. పైకి మాత్రం, “చచ్చావు,” అనే అంది.

పాపం, ఆమె అంటే ఎవరికీ గిట్టేది కాదు. ఆమె ఒక కొమ్మ మీద వాలితే మిగతావాళ్లు లేచి ఇంకో కొమ్మకు పోయేవారు. తల్లులు “రాక్షసి” అనేవారు. రోజూ పడి లేచీ లేచీ ఆమె రెక్కలు సలిపేవి. అంతకన్నా మనసు అలిసిపోయింది.

ఒకనాడు ఏట్రింతల పెద్ద, పెద్దరెక్క వచ్చాడు. “రేపు అడవిలో పిట్టలన్నీ మన పోరు చూడ్డానికి వస్తున్నాయి కత్తెరమ్మా. కుర్రాళ్లు మళ్లీ ఓడితే మన పరువేం కావాలి? ఒక్కరోజు నువ్వే ఓడిపోదూ?”

“సాళువ ఒక్కరోజు ఓడిపోతుందా అన్నా?”

“అబ్బ! నీకు మాత్రం విసుగు రాదూ, అందరి చేతా తిట్లు తినీ తినీ?”

వచ్చింది. చాలా రోజులుగా విసుగ్గానే ఉంది. “సరేలే,” అంది.

క్యారమ్స్‌లో నేను కావాలని ఓడిపోతే మీరెంత గంతులేస్తారో నాకు తెలీదా? పోరు రోజున ఆ అడవీ అలాగే గంతులేసింది. కత్తెరమ్మ ఎదురుగా, అరుచుకుంటూ, నెమ్మదిగా వచ్చింది. జెట్టి ఆమెను పొడిచి తరిమేశాడు. అందరూ ఆమెకు కూడా వానకు లేచే లావుపాటి రెక్కల పురుగులు, ఉసిళ్లు, తినడానికి పెట్టారు. జెట్టి వచ్చి ఆమె పక్కనే కూర్చున్నాడు.

“కిటుకు దొరికిపోయింది అత్తా! ఎదురుగా చూస్తే చాలు!”

కాదురా అని చెప్పాలనుకుంది. కానీ ఎన్నాళ్లకో ఒకరు తన కొమ్మ మీద కూర్చున్నారు. రేపు చెబుదాంలే అనుకుని ఊరుకుంది.

మర్నాడు ఆమె చెప్పేలోపే సాళువ వచ్చింది. కాపలాలో ఉన్న జెట్టి ఎదురుగా చూస్తూ, అరుపు కోసం వింటున్నాడు. డేగ ఎండలోంచి పడి అతణ్ణి గోళ్లతో పట్టేసింది. కత్తెరమ్మ ప్రాణాలకు తెగించి దాని కళ్లమీదికి దూకింది. డేగ పట్టు వదిలేసి ఎగిరిపోయింది. జెట్టి రెక్క విరిగి పొదలో పడ్డాడు.

కత్తెరమ్మ పక్కన వాలింది. జెట్టి ఆమె వైపు చూసి, “నిన్న నువ్వు ఇలా రాలేదే అత్తా,” అన్నాడు. తప్పుపట్టలేదు. అర్థంకాక అడిగాడంతే. కత్తెరమ్మ ఏడ్చింది.

ఆ రెక్క మళ్లీ అతకలేదు.

మర్నాడు కత్తెరమ్మ సలిపే రెక్కలతోనే ఎండవైపు ఎగిరింది. పెద్దరెక్క తల వంచుకున్నాడు, వద్దనలేదు. కుర్రపిట్టలు మూతులు ముడుచుకుని కూర్చున్నాయి. “చచ్చావు,” అంది ఒకదాన్ని పొడిచి. “నువ్వూ చచ్చావు,” అంది ఇంకోదాన్ని.

అప్పుడు కింద పొదలోంచి జెట్టి అరిచాడు. “ఎదురుగా కాదర్రా, ఎండవైపు చూడండి!”

మూడో పిట్ట తల తిప్పింది. చటుక్కున పక్కకు తప్పుకుంది. కత్తెరమ్మ ముక్కు ఉత్త గాలిని పొడిచింది.

“బతికావు,” అంది కత్తెరమ్మ.

నీతి: శత్రువు చూపించని జాలి, పోరు నేర్పే గురువు కూడా చూపించకూడదు. ఆ జాలికి దెబ్బ తినేది శిష్యుడే.