బోణీ బేరం కీబోర్డు

ముక్కొండ అడవిలో జంతువులన్నిటికీ కలిపి ఒక లాప్‌టాప్ ఉండేది. అడవిలో లాప్‌టాప్ ఏమిటి, కరెంటు ఎక్కడిది అని అడక్కండి. కథలో నక్క మాట్లాడుతుందంటే నమ్మేవాళ్లు ఈ మాత్రం నమ్మలేరా? దాని మీద టైపు కొట్టడం వచ్చింది మాత్రం ఒక్క ఉడుతకే. పేరు తాయారు. పనిలో చురుకు, మాటలో మెత్తన. ఆ మెత్తదనమే కొంప ముంచింది.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. మూడు కొండల్లో ఎక్కడెక్కడ మట్టి గోకితే నీటి ఊట తగులుతుందో తెలిసింది కూర్మయ్య తాత ఒక్కడికే. తాబేలు కదా, ఇంతకు ముందు కరువును కళ్లారా చూసి బతికి ఉన్నది ఆయనొక్కడే. "ఎండలు ముదిరేలోగా తాత చెప్పింది చెప్పినట్టు రాసి పెట్టు" అని సింహం తాయారుకు పని ఒప్పజెప్పింది.

"నా మతి కూడా నా నడకలాంటిదేనమ్మా" అన్నాడు కూర్మయ్య. "రోజుకొక్క ఊట చెబుతా. తొందరపెట్టావంటే ఒక చెట్టు చెప్పబోయి ఇంకో చెట్టు చెబుతా."

"నీకు తోచినట్టే చెప్పు తాతా" అంది తాయారు.

తూర్పు కొండ ఊటలన్నీ రాయడం అయిపోయింది. అప్పటికి తాయారు మెడ పట్టేసింది, మణికట్లు సలుపుతున్నాయి. లాప్‌టాప్ నేల మీద పెట్టుకుని, తెర చూడ్డానికి తల వంచి, బటన్లు కొట్టడానికి భుజాలు ముడుచుకుని కూర్చుంటే పట్టదా మరి. అటుగా వెళ్తున్న ఎద్దు బసవయ్య ఆగి చూశాడు.

"అమ్మాయ్, అట్లా వంగిపోయి ఎన్నాళ్లు చేస్తావే? లాప్‌టాప్‌ను రాయి మీదికెత్తు, తెర నీ కళ్లకెదురుగా ఉంటది. చేతులకు వేరే కీబోర్డు తెచ్చుకుని కింద పెట్టుకో."

"ఎట్లాంటిది తేవాలి అన్నా?"

"నేను మోసేవాణ్ణి, కొట్టేవాణ్ణి కాదు. నాకు తెలిసింది ఒకటే. కాడి కొనేవాడు ముందు ఎద్దు మెడ మీద పెట్టి చూస్తాడు. నువ్వూ చేతులు పెట్టి, నాలుగు ముక్కలు కొట్టి చూడు. మణికట్టు పైకి విరవకుండా పడుండాలి, బటను వేలు ఆనించగానే దిగాలి. కుదరలేదంటే లేచి వచ్చెయ్."

"అట్లాగే అన్నా" అంది తాయారు. అంది కానీ, లేచి రావడం ఆవిడ పుట్టుకలోనే లేదు.

మర్నాడు పొద్దున్నే తాయారు నక్క పానకాలు కొట్టుకు వెళ్లింది. పానకాలు కాపురం పడమటి కొండ మీద, కొట్టు కొండ కింద. తాయారు గడప తొక్కిందో లేదో, ఎదురొచ్చి పీట వేసి, చేతిలో బెల్లం ముక్క పెట్టాడు.

"రా తల్లీ, రా! నువ్వు అడుగు పెడితే కొట్టుకే కళొచ్చింది. ఏం కావాలి?"

"కీబోర్డు మామా. చేతులు నొప్పెడుతున్నయ్."

"నీకోసమే ఒకటి దాచి ఉంచా!" అని లోపల్నించి ఇంత పొడుగు కీబోర్డు తెచ్చి బల్ల మీద పరిచాడు. ఎర్ర దీపాలు, నీలం దీపాలు. ఒక్కో బటను ఉసిరికాయంత ఎత్తు. కుడిపక్కన అంకెలకు ఇంకో గుంపు. నిజానికి అది ఎలుగుబంటి కొనుక్కెళ్లి, నచ్చక మొన్ననే తెచ్చి మొహాన కొట్టిన సరుకు. ఆ సంగతి పానకాలు చెబుతాడా!

"కాస్త పెద్దదేమో మామా."

"పెద్దదే మరి! మూడు కొండల నీళ్లు రాసే చేతులివి. అల్పమైన వస్తువు మీద రాస్తే సింహంగారికి చిన్నతనం కాదూ?" అంటూ తన పంజాతో టకటకా నాలుగు వరుసలు వాయించాడు. "చూశావా, ఎంత హాయిగా ఉందో!"

హాయి ఎవరి పంజాకు? ఆ ప్రశ్న తాయారుకు రాకపోలేదు. పై అరలో పల్చగా, చిన్నగా, బల్లకు అంటుకుపోయినట్టుండే కీబోర్డు ఒకటి కనిపిస్తూనే ఉంది. చూపంతా దాని మీదే.

"మామా, ఆ పైనున్నది ఒక్కసారి దించుతావా? చేతులు పెట్టి చూస్తా."

"అదా! ఎలుకపిల్లలు ఆడుకుంటాయని తెప్పించా."

"పోనీ, దీని మీదన్నా నాలుగు ముక్కలు కొట్టి..."

పానకాలు మొహం టక్కున వాడిపోయింది. రెండు చేతులూ జోడించాడు.

"బోణీ బేరం తల్లీ. పొద్దున్నే వచ్చినవాళ్లు అటూ ఇటూ తిప్పి చూసి వద్దని లేచిపోతే, ఇవాళంతా నా కొట్టు ముందు కాకి కూడా వాలదు. పిల్లలుగలవాణ్ణి. ఆపైన నీ ఇష్టం."

అంతే. నోట్లో బెల్లం ముక్క ఇంకా కరగలేదు. పీట వేసి కూర్చోబెట్టినవాడి బోణీ ఎట్లా చెడగొడుతుంది? తెచ్చిన వేరుశనగల బుట్ట అక్కడ పెట్టి, ఆ పొడుగు కీబోర్డు నెత్తినెత్తుకుని ఇంటిదారి పట్టింది. దారిలో రెండుసార్లు దించి అలుపు తీర్చుకుంది.

పైన పటారం లోన లొటారం అంటారే, అదే అయింది. ఆ ఎత్తు బటన్ల మీదికి చేతులు చేరాలంటే మణికట్లు పైకి విరిచి పట్టుకోవాలి. ఒక్కో అక్షరానికి వేలితో కాదు, భుజంతో నొక్కాలి. ఈ చివర్నించి ఆ చివరికి పాకుతూ కొట్టాలి. వారానికల్లా మణికట్లు వాచిపోయాయి.

బసవయ్య వచ్చి అడిగాడు. "కొత్తది ఎట్లా ఉందే? చేతులు పెట్టి చూసే తెచ్చావా?"

"బాగుంది అన్నా" అంది తాయారు, చేతులు తోక కింద దాచుకుంటూ. మాట వినలేదని పెద్దవాడికి చెప్పడానికి సిగ్గేసింది.

పళ్ల బిగువున నడిమి కొండ ఊటలు పూర్తి చేసింది. ఇక వల్లకాదనుకుని ఒకరోజు మిట్టమధ్యాహ్నం కీబోర్డు నెత్తినెత్తుకుని, ఇది ఇచ్చేసి చిన్నది అడుగుదామని పానకాలు కొట్టుకు బయల్దేరింది. గుమ్మం దాకా వెళ్లింది. లోపల కుందేలు బేరమాడుతోంది. పానకాలు రెండు చేతులూ జోడించి ఉన్నాడు.

"బోణీ బేరం కుందేలమ్మా, కాదనకు."

మిట్టమధ్యాహ్నం బోణీ! ఎండ నడినెత్తిన ఉంది. పొద్దుట్నించి ఎంతమందికి ఎన్ని బోణీలు చేయించాడో వాడికే తెలియాలి. నాకు కోపమొచ్చేది ఇక్కడే. అప్పుడన్నా గడప దాటి లోపలికెళ్లి, "ఓరి నక్కా, నీ బోణీ తగలెయ్య" అని కీబోర్డు బల్ల మీద పడేయొచ్చు కదా! అడగందే అమ్మయినా పెట్టదు, అడగని దానికి నక్క ఇస్తాడా? కానీ కుందేలు ముందు మోసపోయానని ఒప్పుకోవాలి. ఆ ఒక్కదానికే తాయారు గుమ్మంలోంచే వెనక్కి తిరిగింది.

ఆ తర్వాత పాత లాప్‌టాప్ బటన్ల మీద కూడా వేలు ఆనలేదు. వేరుశనగ కాయ ఒలవడం కూడా కష్టమైపోయింది.

కూర్మయ్య తాత మాత్రం పొద్దున్నే వచ్చి కూర్చునేవాడు. "పడమటి కొండ మిగిలింది కదమ్మా. ఇవాళ మొదలెడదామా?"

"ఇవాళ కాస్త పనుంది తాతా. రేపు రాద్దాం."

"సరే తల్లీ. నేనెక్కడికి పోతా!"

మర్నాడూ అదే మాట. ఆ మర్నాడూ అదే. చేతులు పనిచేయడం లేదని ఒక్క మాటంటే తాత నోటితో చెప్పేవాడు, బసవయ్య విని గుర్తుపెట్టుకునేవాడు. ఎద్దుకు రాయడం రాదు కానీ, వినడం రాదా? తాయారు మాత్రం రేపు రేపంటూ పదహారు రోజులు గడిపింది. పదిహేడో నాడు కూర్మయ్య తాత డిప్పలోంచి తల బయట పెట్టలేదు.

ఎండాకాలం వచ్చింది. తూర్పు కొండవాళ్లు రాసినచోట గోకారు, నీళ్లు పడ్డాయి. నడిమి కొండవాళ్లు గోకారు, వాళ్లకూ పడ్డాయి. పడమటి కొండవాళ్లు తోచినచోటల్లా గోకారు. దుమ్ము లేచింది.

ఒకరోజు పానకాలు నాలుక వేలాడేసుకుని తాయారు గూటికొచ్చాడు. వెనకాల రెండు పిల్లలు తూలుతూ నడుస్తున్నాయి.

"తాయారమ్మా, మా కొండ పేజీ తియ్యమ్మా. నడిమి కొండ దాకా రోజూ నడవలేకపోతున్నయ్ పిల్లలు. ఊట ఎక్కడుందో చెప్పు, నా గోళ్లతో నేనే తవ్వుకుంటా."

"మీ కొండ పేజీ లేదు మామా."

"లేకపోవడమేంటి? తాత చెప్పలేదా?"

"ఆయన చెప్తానన్నాడు. నేనే రాయలేకపోయా." తాయారు మొదటిసారి చేతులు దాచుకోకుండా చాపింది. వేళ్లు వంకర్లు పోయి ఉన్నాయి. "నువ్వు బోణీ అని అంటగట్టిన కీబోర్డు చేసిన పని ఇది. పైన పెట్టిన చిన్నది ఇచ్చుంటే మాఘమాసంలోనే మీ కొండ అయిపోయేది."

పానకాలు ఆ చేతులు చూశాడు, పిల్లల్ని చూశాడు.

"పనికిరాదని ఆరోజే ఒక్క మాట అనొచ్చు కదమ్మా."

"అనాల్సింది మామా" అంది తాయారు. కళ్లనిండా నీళ్లు. "నీ మొహానే అనాల్సింది. బసవయ్యన్న అడిగినప్పుడు చెప్పాల్సింది. తాత రోజూ వచ్చి కూర్చున్నాడు, ఆయనకన్నా చెప్పాల్సింది. మిమ్మల్నందర్నీ నొప్పించకూడదనుకున్నా."

సాయంత్రానికి పానకాలు పిల్లల్ని వీపునెక్కించుకుని అడవి విడిచి వెళ్లిపోయాడు. వాడి వెనకే కుందేలు కుటుంబం, వాళ్ల వెనక ముళ్లపందులు. ఏ పాపమూ ఎరగనివాళ్లు. తాయారు కొమ్మ మీద కూర్చుని, పడమటి కొండ దిగిపోయేవాళ్లను చివరి జంతువు దాకా చూసింది.

మొహమాటానికి దాచుకున్న నొప్పి మన ఒక్కరితో పోదు.