సింగన్న తలూపిన రోజు

పిల్లలూ, ఈ కథ మీరు విని ఉండరు. మీకు చెప్పేవాళ్లు దగ్గర లేరు, అంతే. ఒక్క మాట ముందే చెబుతున్నాను: ఇందులో దున్న తెలివితక్కువవాడు కాదు. అలా అనుకుని నవ్వకండి.

కొండ దిగువన ఒక వాగు. ఎండాకాలం నీళ్లు నిలవాలని జంతువులన్నీ కలిసి దానికి అడ్డంగా మట్టికట్ట వేసుకున్నాయి. ఒక రోజు తెల్లారేసరికి కట్ట తెగి ఉంది. మడుగులో బురద తప్ప ఏమీ మిగల్లేదు. ఆ బురదలో దున్నపోతు సింగన్న గిట్టల గుర్తులు కనబడ్డాయి.

కట్ట తెంచినవాళ్లని కొండవతలకి తరిమేస్తారు. అక్కడ ఆ కాలంలో నాలుక తడుపుకోవడానికైనా నీళ్లుండవు.

తగువులు తీర్చే ఏనుగు దొర చింతచెట్టు నీడలో కూర్చున్నాడు. పక్కన తాటాకు పట్టుకుని నక్క పేరయ్య. ఆ అడవిలో రాయడం, చదవడం వచ్చింది పేరయ్య ఒక్కడికే. ప్రశ్నలు అడిగేదీ అతనే, జవాబులు రాసేదీ అతనే.

సింగన్న వెంట పక్క పాకలో ఉండే మేక నూకమ్మ కూడా వచ్చింది.

"నీకేం పని ఇక్కడ?" అన్నాడు పేరయ్య.

"తోడొచ్చాను."

"తోడు రావడానికి ఇదేమన్నా పెళ్లా?"

"పెళ్లయితే వీడొక్కడే వెళ్లేవాడు. భోజనాల దగ్గర వీడికి తోడక్కర్లేదు."

ఏనుగు దొర చెవి విసిరి, "కూర్చోనీ" అన్నాడు.

పేరయ్య సింగన్న వైపు తిరిగాడు. "నీళ్లకి వచ్చావా?"

"వచ్చానయ్యా."

"కట్ట మీద నడిచావా?"

"నడిచాను."

"నీకు కొమ్ములున్నాయా?"

సింగన్న తడబడ్డాడు. "ఉన్నాయి."

పేరయ్య గోరు తాటాకు మీద గరగరా నడిచింది. ఇంత చిన్న జవాబులకి అంత రాతేమిటో సింగన్నకి అంతుపట్టలేదు. పేరయ్య గొంతు సవరించుకుని చదివాడు.

"సింగన్న అను నేను, సదరు సేతువును స్వీయ శృంగములచే విచ్ఛిన్నము గావించితినని ఇందుమూలముగా అంగీకరించుచున్నాను."

చుట్టూ ఉన్నవాళ్లంతా గౌరవంగా తలలూపారు. ఏనుగు దొరకీ మధ్యలో కొన్ని మాటలు అందలేదు గానీ, దొర అయి ఉండి అడగడమెలా అని ఊరుకున్నాడు. "సింగన్నా, అర్థమైందా?" అన్నాడు.

సింగన్నకి చెవులు వేడెక్కాయి. దూడగా ఉన్నప్పుడు ఒకసారి అర్థం కాలేదని అంటే మందంతా నవ్వింది. అప్పట్నుంచీ ఎవరేం చెప్పినా అతను తలూపి ఇచ్చే జవాబు ఒకటే.

"అర్థమైంది దొరా."

"అయితే గిట్ట ముద్ర వెయ్యి." పేరయ్య తాటాకుని, తడిమట్టిని ముందుకి జరిపాడు. ముద్ర పడితే ఇంక మాట తిరగదు. సింగన్న కాలెత్తాడు.

"ఆగు సింగా," అంది నూకమ్మ. "దొరా, ఏం అర్థమైందో వీడి నోటితోనే చెప్పించండి."

"అర్థమైందన్నాడు కదా," అన్నాడు పేరయ్య విసుగ్గా.

"మొన్న దగ్గుకి ఏ ఆకు తినాలో చెబితే నాతోనూ ఇలాగే అన్నాడు. అని, వెళ్లి జిల్లేడు తిని పడకేశాడు."

సింగన్న కాలు గాల్లోనే ఉంది.

నూకమ్మ దగ్గరకి జరిగి గొంతు తగ్గించింది. "తెలియకపోతే తెలియలేదను. నాకూ తెలియలేదు. నవ్వితే ఇద్దర్నీ చూసి నవ్వుతారు."

సింగన్న తాటాకు పక్కన, ఉత్త నేల మీద కాలు దించాడు. "నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు దొరా."

కొమ్మ మీద కోతి ఒకటి కిచకిచమంది. ఏనుగు దొర తలెత్తి చూసేసరికి నోరు మూసుకుంది.

"నాకూ సరిగా అందలేదు," అన్నాడు దొర నెమ్మదిగా. "పేరయ్యా, మనం మాట్లాడుకునే మాటల్లో చెప్పు."

"రాతకి ఒక మర్యాద ఉంటుంది దొరా."

"మర్యాద తరవాత. మాట చెప్పు."

పేరయ్య తాటాకు కిందికి దించాడు. "నా కొమ్ములతో కట్ట తెంచానని ఒప్పుకుంటున్నాను... అని."

"నేనలా అనలేదు," అన్నాడు సింగన్న. "నేను వచ్చేసరికే నీళ్లు పోతున్నాయి."

"అక్కడ ఎవరైనా ఉన్నారా?" అన్నాడు దొర.

"గండి కింద పేరయ్యగారు ఉన్నారు. కొట్టుకొచ్చిన చేపలు ఏరుకుంటున్నారు. దణ్ణం పెట్టాను. ఇటు రాకు, పో అన్నారు."

అందరూ పేరయ్య వైపు తిరిగారు.

"ఈ సంగతి ముందే చెప్పలేదేం?" అన్నాడు దొర.

"అడుగుతున్నది ఆయనే కదా దొరా. ఆయనకి తెలిసిందే కదా అనుకున్నాను."

ఏనుగు దొర వంగి పేరయ్య ముఖంలోకి చూశాడు. మీసం దగ్గర చేప పొలుసొకటి అంటుకుని ఉంది. "ఇప్పుడు నీ జవాబు చెప్పు. ఎంతసేపైనా వింటాను," అన్నాడు. "చేపల కోసం కట్ట నేనే తెంచాను దొరా," అన్నాడు పేరయ్య, ఈసారి మామూలు మాటల్లోనే. ఆ పూటే అడవిపందులు అతన్ని కొండవతలకి సాగనంపాయి.

అర్థమైందా అని అడిగితే సరిపోదు. ఏం అర్థమైందో చెప్పేదాకా పక్కన కూర్చోవాలి.

పిల్లలూ, ఈ కథ మీ దగ్గరే ఉంచుకోకండి. చదువు రాదని చెప్పుకోలేక తలూపేవాళ్లు మీ మధ్యా ఉంటారు. ముందు వాళ్లకి చెప్పండి, ఆ తరవాత మీ స్నేహితులకీ చెప్పండి.