రేవు కుండలో చింతపిక్కలు

ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట ఒకటి ముందు ఒప్పేసుకుంటాను. మా ఊరి శాఖా గ్రంథాలయంలో ఆరేళ్లు చదువుకున్నాను. పాఠకుల రిజిస్టరులో ఒక్కరోజు కూడా సంతకం పెట్టలేదు. ఏడో తరగతితో బడి మానేసినదాన్ని. నా వంకర అక్షరాలు ఎవరైనా చూస్తారేమోనని సిగ్గు. ఇప్పుడు పైన ఎక్కడో బడ్జెట్లో కోత పడింది. రిజిస్టరు లెక్కన రోజుకు నలుగురే వస్తున్నారట, అందుకని వచ్చే నెల మూసేస్తారట. ఆ మాట విన్నప్పటినుంచి నా మనసులో ఈ కథే తిరుగుతోంది. పిల్లలూ, మీరూ వినండి.

అనగా అనగా, రేవుల బాగోగులు రాజులే చూసుకునే రోజుల్లో, సరళాపురమనే రాజ్యం ఉండేది. ఆ రాజ్యం చివర ఒక ఏరు, ఏటి మీద ఒక పడవ. పడవ నడిపే గంగులుకు రాజుగారే జీతమిచ్చేవారు. ఎక్కేవాళ్లు ఏమీ ఇవ్వక్కర్లేదు. దిగేటప్పుడు రేవులోని కుండలో ఒక చింతపిక్క వెయ్యాలి, అంతే. ఎందరు దాటుతున్నారో రాజుగారికి తెలియాలి కదా.

ఆ పిక్క మాత్రం దాదాపు ఎవరూ వేసేవారు కాదు. కుమ్మరి "నా ఒక్క పిక్కతో ఏమవుతుందిలే" అనుకునేవాడు. గొర్రెలకాపరికి చేతులు ఖాళీ ఉండేవి కావు, రెండు చంకల్లో రెండు గొర్రెపిల్లలు. ఇక బడిపిల్లలైతే కుండలో పడ్డ పిక్కల్ని కూడా తీసి వేయించుకుని తినేసేవారు.

ఒక ఏడు రాజుగారి బొక్కసం అడుగంటింది. సభ కూర్చుంది.

"అన్నింటిలోనూ తలా కాస్త కోద్దాం ప్రభూ. ఎవరికీ నొప్పి తెలియదు," అన్నాడు మొదటి మంత్రి.

"పడవలో మూడోవంతు కోస్తే మునుగుతుందండీ. ఎవరికీ పనికిరానివాటిని పూర్తిగా ఆపేద్దాం," అన్నాడు రెండో మంత్రి.

మూడో మంత్రి లేచి రెండో మంత్రి వైపు వేలు చూపించాడు. "ఆయన కావాలన్నది నాకు వద్దు. వద్దన్నది కావాలి. నా మాట అంతే."

సభంతా నవ్వింది. ఆ నవ్వినవాళ్లలో ఆ పడవ ఎక్కినవాడు ఒక్కడూ లేడు.

చివరికి ఆ పడవ ఎందరికి పనికొస్తోందో చూద్దామని ఒక భటుడు వెళ్లి కుండ తెచ్చాడు. బోర్లిస్తే ఏడు పిక్కలు రాలాయి. "ఏడాదికి ఏడుగురు," అన్నాడు రెండో మంత్రి. పౌర్ణమినాటికి పడవ ఆపమని ఆజ్ఞ అయింది.

ఏటికి ఇవతల మంత్రసాని నూకాలు ఉండేది. అవతలి ఒడ్డున వడ్రంగి కోడలికి నెలలు నిండాయి, తొలి కాన్పు. దండోరా విని నూకాలు రేవుకు పరుగెత్తింది.

"ఒరే గంగులూ, పౌర్ణమి దాటాక ఆ పిల్లకు నొప్పులొస్తే నేనెలా వెళ్లేదిరా?"

"ఈదుకుంటూ వెళ్లు పెద్దమ్మా. ఏనాడైనా ఒక్క పిక్క వేశావా నువ్వు?"

నూకాలు ఏనాడూ వెయ్యలేదు. వెళ్లేటప్పుడు కంగారు, వచ్చేటప్పుడు అలసట. మిగతావాళ్లు వేస్తున్నారులే అనుకునేది.

రాజుగారికి నిజం చెబుదాం, సభకు రమ్మని కుమ్మరిని పిలిచింది. "పిక్కలెందుకు వెయ్యలేదని కొరడాతో కొడితే?" అన్నాడు. గొర్రెలకాపరి తన మందను చూపించాడు. పిల్లలు ఆమె చేతిలో గుప్పెడు వేయించిన పిక్కలు పెట్టి పారిపోయారు.

"సరే, ఈ అంచు చెక్క ఊడదీసి ఇయ్యి," అంది రేవుకు తిరిగొచ్చి గంగులుతో.

"పడవ పాడవుతుంది పెద్దమ్మా."

"ఎలాగూ ఆపేస్తున్నారుగా. తియ్యి."

చెక్క చంకన పెట్టుకుని ఒక్కతే సభకు వెళ్లింది.

"ప్రభూ, మూడేళ్లుగా ఆ పడవ ఎక్కుతున్నాను. ఒక్క పిక్కా వెయ్యలేదు. తప్పు నాది, పడవది కాదు."

"అప్పుడు పిక్క వెయ్యనిదానివి, ఇప్పుడు నీ మాట నమ్మేదెలా?" అన్నాడు రెండో మంత్రి.

"నా మాట నమ్మకండి బాబూ, దీన్ని చూడండి. పోయిన ఉగాదికి బిగించిన మామిడి చెక్క. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ పట్టుకునేది దీన్నే."

చేతులు పట్టీ పట్టీ చెక్క మధ్యలో గుంట పడింది. అద్దంలా నున్నబడింది. రాజుగారు సింహాసనం దిగి వచ్చి, తన అరచెయ్యి ఆ గుంటలో ఆనించి చూసుకున్నారు.

"ఏడాదిలో ఏడు చేతులు దీన్ని ఇంతలా అరగదీస్తాయా?" అని అడిగారు. మూడో మంత్రి కూడా ఏదీ కాదనలేదు.

పడవ ఆగలేదు. ఇకమీదట దేన్ని కోయాలన్నా, కోద్దామన్నవాళ్లు ముందు దాన్ని ఎక్కి చూడాలని రాజుగారు ఆజ్ఞ వేశారు.

పౌర్ణమి మర్నాడు వడ్రంగి కోడలికి ఆడపిల్ల పుట్టింది. తిరిగొచ్చి పడవ దిగుతూ నూకాలు కుండలో రెండు పిక్కలు వేసింది.

"రెండోది ఎవరిది పెద్దమ్మా?"

"ఇందాక పుట్టినదానిది. రేపు అదీ ఎక్కుతుందిగా."

మా గ్రంథాలయంలో ఒక పాత నిఘంటువు ఉంది. పేజీల అంచులు నల్లబడి ఉంటాయి. ఆ నలుపులో సగం నా వేళ్లదే. లైబ్రేరియన్ సత్యవేణి గారి నంబరు రెండేళ్లుగా నా దగ్గరుంది. మనకు మేలు చేసినదాని గురించి మనమే నోరు విప్పకపోతే, అది పోయిన పాపంలో మనకూ వాటా ఉంటుంది. అందుకే, పిల్లలూ, నేనూ ఆరేళ్లు అక్కడ చదువుకున్నానని, ఆ మాట ఎక్కడైనా చెబుతానని ఇప్పుడు ఆవిడకు ఫోన్ చేస్తున్నాను.