వెయ్యి వత్తుల దీపం

ఒక రాజు తన రాజ్యంలోని కళాకారులందరినీ వెలుగులోకి తేవాలనుకున్నాడు. కోటలో కొత్త మండపం కట్టించాడు. ఏడాదికొక కళను పిలిపించి పరదేశపు అతిథులకు చూపిస్తానని ఊరూరా చాటింపు వేయించాడు.

మొదటి ఏడాది తోలుబొమ్మలాటకు పిలుపొచ్చింది. బొమ్మలామె నెత్తిన బొమ్మల పెట్టె పెట్టుకుని నాలుగు రోజులు నడిచి వచ్చింది. వెనకాలే మద్దెల మోసుకుంటూ మొగుడు. వాళ్ళని ఏ ఊరూ పిలవక మూడేళ్ళయింది. పెట్టెలో పడివున్న లేడి బొమ్మను ఎలుకలు కొరికితే, ఆమె దానికి కొత్త కాలు కుట్టింది.

"ఇక్కడ నలుగురి కంట్లో పడితే చాలయ్యా. మళ్ళీ ఊళ్ళు పిలుస్తాయి" అని దారి పొడుగునా చెబుతూనే ఉంది.

మండపం చివర రెండు స్తంభాలకు తెర కట్టారు. తెరకు అవతల పెరడు. బోయీలు, వంటవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు, ఆట ఉందని విని వచ్చిన ఊరి జనం, వీళ్ళెవరినీ మండపంలోకి రానివ్వలేదు. వాళ్ళంతా పెరట్లో నిలబడి బొమ్మలామె వీపు చూస్తున్నారు.

సంజె చీకటి పడింది. ఆమె పెరటివైపు నుంచి ఆముదపు దీపం వెలిగించి లేడిని తెరకు ఆనించింది.

అప్పుడే సింహాసనం వెనక వెయ్యి వత్తుల దీపం వెలిగించారు. మండపమంతా పట్టపగలైంది. తెర తెల్లగా మెరిసింది. లేడి మాయమైంది.

ఆమె తెర ముందుకు వచ్చి కొలువు పెద్దకు దండం పెట్టింది.

"అయ్యా, ఆ దీపం కాస్త ఆర్పించండి. ఇటు చీకటిగా ఉంటేనే బొమ్మ కనిపిస్తుంది."

"ఆర్పితే రాజుగారెలా కనిపిస్తారు?"

"చూడాల్సింది బొమ్మను గదయ్యా."

"రాజుగారు బొమ్మలాట చూస్తుంటే అతిథులు చూడాలి. ఆ దృశ్యం గీయడానికి చిత్రకారులు పొద్దుటినుంచీ కూర్చునున్నారు. నిన్ను వెలుగులోకి తెస్తుంటే వెలుగే వద్దంటావేం?"

ఆమె తెర వెనక్కి వెళ్ళి పాట ఎత్తుకుంది. వట్టి తెరను చూస్తూ అతిథులు చప్పట్లు కొట్టారు. రాజు మెచ్చుకోలుగా తల పంకించాడు. తెర అంచు నుంచి అది చూసి ఆమె పాట ఆపేసింది.

"పోనీలేవే" అన్నాడు మొగుడు. "మెచ్చుకున్నారు గదా. శాలువా కూడా కప్పుతారట."

"ఏం చూసి మెచ్చారు?"

వాళ్ళు తిట్టినా ఆమె ఓర్చుకునేది. పొమ్మన్నా పోయేది. తన తాత, తన తల్లి జీవితమంతా ఆడించిన బొమ్మలను చూడకుండానే మెచ్చుకోవడాన్ని మాత్రం సహించలేకపోయింది.

తన ఆముదపు దీపం ఉఫ్ మని ఊదేసింది. పెట్టె ఎత్తుకుని తెర చుట్టూ తిరిగి మండపంలోకి వచ్చింది. రాజుకు వీపు పెట్టి నిలబడి, లేడిని ఇటువైపు నుంచి తెరకు ఆనించింది.

"మద్దెల కొట్టు" అంది.

పెరటివైపు తెరమీద బొమ్మ కనిపించింది. ఎర్రటి ఒళ్ళు, పచ్చటి చుక్కలు, వెయ్యి వత్తుల వెలుగంతా ఒంట్లో నింపుకుని లేడి చెంగున దూకింది. అలాంటి వెలుగులో ఆ బొమ్మను ఎవరూ ఏనాడూ చూడలేదు. నిలబడ్డవాళ్ళంతా నేలమీద కూర్చున్నారు.

అతిథులకు ఆమె వీపూ, రవికె మీద మాసికా తప్ప ఏమీ కనిపించలేదు. కొలువు పెద్ద పరుగున వచ్చి చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె విదిలించుకుని పాడుతూనే ఉంది.

రాజు లేచాడు. తెరమీద కొండంత మసక నీడ పడింది.

"రాక్షసుడొచ్చాడు" అన్నారు పెరట్లో ఎవరో.

రాజు ఒక్కో అడుగూ ముందుకు వేస్తుంటే నీడ చిన్నదవుతూ వచ్చింది. ఆమె పక్కకు చేరేసరికి మామూలు మనిషంత అయింది. తెర లాగిపారేయడానికి ఆయన చెయ్యెత్తాడు. అవతలివైపు వందల మంది చప్పట్లు కొట్టారు, ఈలలు వేశారు. అలాంటి చప్పట్లు ఆయన తన కొలువులో ఎన్నడూ వినలేదు. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

ఆమె తల తిప్పకుండా అంది:

"చెయ్యి కాస్త పక్కకు తీయండి ప్రభూ. లేడి కనబడటం లేదు."